వీపుల బతుకమ్మ

మా కాలనీ గోడ మీద ఉన్న బతుకమ్మ బొమ్మ నేను తెలివితో వేసింది కాదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మా అవ్వకు కూడా. ఇప్పుడు ఆ గోడను చూడటానికి హుజూర్‌నగర్ నుంచి కూడా మనుషులు వస్తున్నారు. ముందు మైదానం వైపు నిలబడి చూస్తారు. తర్వాత గోడ చుట్టూ తిరిగి రోడ్డు వైపు నిలబడి చూస్తారు. "ఒకటే ఆటను రెండు దిక్కుల నుంచి చూపిచ్చింది, ఏం బుర్ర పిల్లది!" అనుకుంటూ పోతారు. ఒక కాలేజీ సారైతే, ఎవరు మనవాళ్లు ఎవరు పరాయివాళ్లు అనేది మనం నిలబడ్డ చోటును బట్టి ఉంటుందని, అదే ఆ గోడలోని తత్వమని, నేను వేసిన బొమ్మను నాకే చాలాసేపు విడమరిచి చెప్పాడు. నేను తలూపాను.

అయ్యా, అమ్మా, ఆ గోడలో తత్వం లేదు. ఒక పెద్ద తప్పు ఉంది, దాని మీద పూసిన ఒక అబద్ధం ఉంది, ఆ రెండింటి మీదా ఖాజా చాచా దుకాణంలో కొన్న రంగులున్నాయి. ఆ సాయంత్రం నేను పడ్డ అవస్థ పగవాళ్లకు కూడా వద్దు. చదివి నవ్వుకోండి. మా కాలనీ దిక్కు వచ్చినప్పుడు మాత్రం ఆ సారు మాటే నిజమన్నట్టు చూసి పొండి.

నా పేరు మౌనిక. బిడ్డ దీన్ని ఇంతగా మనసుకు పట్టించుకుంటుందని ఆ పేరు పెట్టిన రోజు మా బాపుకు తెలియదు పాపం. మనిషి ఎదురుపడితే నా మాట గొంతులోనే చాప వేసుకుని కూర్చుంటుంది. ఇంటికొచ్చాక డైరీలో పేజీలకు పేజీలు మాట్లాడతాను. బయట నా దగ్గరున్న భాష ఒకటే, తలూపడం. అవునన్నా ఊపుతాను, కాదన్నా ఊపుతాను, అర్థం కాకపోతే ఇంకాస్త గట్టిగా ఊపుతాను. అందుకే కాలనీలో నాకు మంచి పిల్లనని పేరు.

ఇంకో అలవాటు కూడా ఉంది. రోడ్డు మీద ఎవరైనా నా ముందు పోతుంటే వాళ్లను దాటను. దాటితే పలకరించాలి కదా. బండి నీడన నడిచే కుక్కలాగా వాళ్ల వెనకే నిమ్మళంగా నడుస్తాను. అట్లా నడిచీ నడిచీ కాలనీలో ప్రతి ఒక్కరి వీపూ నాకు కంఠతా వచ్చింది. దీన్ని కళ అనుకున్నాను. ఈ కథలో దొర్లిన మొదటి తప్పు అదే.

మాది మేళ్లచెరువు పక్కన, సిమెంటు ఫ్యాక్టరీలను నమ్ముకుని లేచిన కాలనీ. సగం మందిమి చుట్టుపక్కల ఊళ్లవాళ్లం. మిగతా సగం రైలు దిగి వచ్చినవాళ్లు, ఒడిశా నుంచి, బీహారు నుంచి, రాజస్థాన్ నుంచి. పొద్దున్నే ఒకే నల్లా దగ్గర నాలుగు భాషల్లో బిందెలు కొట్టుకుంటాయి. వాళ్లింట్లో ఆవనూనె కాగితే మేం తుమ్ముతాం. మేం ఎండుమిరపకాయలు వేయిస్తే వాళ్లు తుమ్ముతారు. అక్కడికి లెక్క సరిపోతుంది.

మా మహిళా సంఘానికి పెద్ద యాదమ్మత్త. ఆమె మెల్లగా మాట్లాడితే పక్క వీధికి, గట్టిగా మాట్లాడితే పక్క ఊరికి వినిపిస్తుంది. వానలు తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున ఆమె మా వాకిట్లోకొచ్చి, ముగ్గు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"పొల్లా, గీ ముగ్గు నువ్వే ఏసినవా?"

తలూపాను.

"నెమళ్లు సక్కగున్నయి. మన మైదానం గోడకు బతుకమ్మ బొమ్మ ఎయ్యాలె. యాడాదికొక ఫ్లెక్సీ కడితే గాలికి చినుగుడు, మేకలు తినుడు. రంగులు సంఘం ఇస్తది. ఏస్తవు గద?"

తలూపాను.

"అందరు ఆడుతున్నట్టు ఉండాలె. గీ ఒడిశోళ్లు, బీహారోళ్లు, రాజస్థానోళ్లు గూడ. నిరుడు గా రేఖాదేవి అననే అన్నది. చందా అడగనీకి మా గుమ్మాలు యాదికుంటయి, ఫ్లెక్సీల పెట్టనీకి మా మొఖాలు యాదికుండయి అని. నాకు తల కొట్టేసినట్టయింది. అందుకని వాళ్లను ముంగట పెట్టు, పెద్దగ పెట్టు. మేం ఎనుక చిన్నగ ఉంటం. మాకేం, మన ఊరు, మన గోడ."

తలూపాను. చూశారు కదా, ఆమె చెప్పింది ఇదే. వాళ్లను ముందు పెట్టు, పెద్దగా పెట్టు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. మీరు నన్ను తిట్టేటప్పుడు నాకు పనికొస్తుంది.

వార్త కాలనీ అంతా పాకింది. పానీపూరీ బండి రేఖాదేవి నన్ను దారిలో ఆపి, "నా బొట్టు పెద్దగ పెట్టు. దూరం నుంచి బల్బు లెక్క కనపడాలె" అంది. తలూపాను. మిఠాయి దుకాణం కంచన్ భాభీ ఎప్పుడూ గడ్డం దాకా కొంగు కప్పుకునే ఉంటుంది. ఆమె ఆ కొంగు లోపలి నుంచే, "ముసుగు ఉండాలె. కాని లోపట నవ్వుతున్నట్టు తెలవాలె" అంది. ముసుగులో నవ్వును బయటికెట్లా వెయ్యాలో ఏ చిత్రకారుడికీ తెలియదు. దానికీ తలూపాను.

ఆ సాయంత్రమే మినతక్క వచ్చింది. ఆమెది ఒడిశాలో బలంగీర్ దిక్కు. భర్త సిమెంటు బస్తాలు నింపే దగ్గర పనిచేస్తాడు. మా ఇంటి వెనక పోర్షన్‌లో కిరాయికి ఉంటారు. కొన్నేళ్లుగా ఒకే దండెం మీద బట్టలు ఆరేసుకుంటున్నాం, కానీ నేను ఆమెతో మాట్లాడినవన్నీ కలిపితే అగ్గిపెట్టె మీద రాయవచ్చు. నేను చీర విదిలిస్తుంటే ఆమె దండెం అవతల నిలబడింది.

"మౌనీ, గోడ మీద నేను గూడ ఉంటనంట గద?"

తలూపాను.

"మా అమ్మకు చెప్పేసిన. ఆమెకు ఎప్పుడు ఒకటే ఫికర్. 'గంత దూరంల నీకు ఎవరున్నరు? పండుగొస్తె పిలుస్తరా? నువ్వు ఉన్నవో లేవో ఎవరన్న చూస్తరా?' అని. పిలుస్తరమ్మా అంటె నమ్మది. గీసారి సద్దుల బతుకమ్మ నాడు ఫోన్ల గోడ చూపిస్త. అమ్మా, గిదో సూడు, గీ ఊరోళ్లు నన్ను గోడ మీద ఏసుకున్నరు అని చెప్త. అప్పుడు నమ్ముతది." ఆమె చేయి ముక్కు మీదికి పోయింది. "గీ ముక్కుపుడక అమ్మదే. నా పెండ్లినాడు తన ముక్కుది తీసి పెట్టింది. గిది మంచిగ కనపడాలె, ఆఁ?"

నా మెడ దానంతటదే ఊగింది. ఆ మెడను అప్పుడే ఎవరైనా పట్టుకుని ఆపి ఉంటే బాగుండేది.

ఇక బొమ్మ సంగతి. బతుకమ్మ ఆట మీకు తెలిసిందే. తంగేడు, గునుగు దొంతరలుగా పేర్చి నడుమ పెడతాం. ఆడవాళ్లమంతా చుట్టూ గుండ్రంగా, పూల వైపు తిరిగి, వంగుతూ లేస్తూ చప్పట్లు కొడతాం. ఇప్పుడు ఆ గుండ్రానికి బయట నిలబడి చూడండి. అవతలి వాళ్ల మొఖాలు కనిపిస్తాయి. మరి మనకు అందరికన్నా దగ్గరగా, అందరికన్నా ముందు, అందరికన్నా పెద్దగా ఉన్నవాళ్లలో ఏం కనిపిస్తుంది?

మీకు తెలిసిపోయింది. మీరు తెలివైనవాళ్లు. నాకు తెలియలేదు.

కాదు, అబద్ధం ఎందుకు, సగం పని అయ్యాక తెలిసింది. ముక్కుపుడక కోసం మినతక్క మొఖాన్ని కొంచెం ఇటు తిప్పుదామని కుంచె పట్టుకున్నాను. కళ్లు మూసుకుని ఆమె మొఖం గుర్తు తెచ్చుకోబోయాను. రాలేదు. పసుపు రంగు క్లిప్పు వచ్చింది. రవిక వెనక కట్టుకునే దారాల ముడి వచ్చింది. బిందె మోసే కుడి భుజం కాస్త వంగి ఉండటం వచ్చింది. కళ్లు ఎట్లా ఉంటాయో, నవ్వితే బుగ్గ ఎక్కడ ముడత పడుతుందో ఒక్కటీ రాలేదు. రోజూ చూసే మనిషిని నేను ఒక్కసారీ చూడలేదు. మా ఊరివాళ్ల మొఖాలు మాత్రం పుట్టినప్పటి నుంచి నా మీద వంగి బుగ్గలు గిల్లినవే కనుక గడగడా వచ్చేశాయి. పోయి మినతక్కను ఒక్క గడియ నా ఎదురుగా కూర్చోమని అడిగితే పని అయిపోయేది. కానీ అడగటమంటే నోరు తెరవాలి. దానికన్నా, ఇంత అందమైన వీపు వేశాక మొఖంతో పనేముందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

ఖాజా చాచాకు అప్పుడే అనుమానం వచ్చింది.

"ఏం బిడ్డా, మళ్ల నలుపేనా? బతుకమ్మకు పసుపు, ఎరుపు గద కావాల్సింది?"

"జుట్లకు, చాచా" అన్నాను, నేల చూపులు చూస్తూ.

"గిన్ని జుట్లా? మరి మొఖాల రంగు గింత చిన్న డబ్బనే తీస్కపోయినవు!"

తలూపాను. ఆయన "యా అల్లా" అని నలుపు డబ్బా ఇచ్చేశాడు.

ఎవరైనా చూస్తుంటే నా చేయి కదలదు కాబట్టి గోడకు అడ్డంగా అవ్వ పాత చీరలు కట్టాను. బయట అవ్వ కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. "లోపటికి పోవద్దు, పిల్లకు సిగ్గు" అని అందరినీ తోలేసేది. తను ఒకసారి లోపలికొచ్చి చూసింది. అవ్వకు కండ్లు మసక. "పువ్వులు మంచిగున్నయి బిడ్డా" అని మెచ్చుకుంది. అవి పువ్వులు కావు, రేఖాదేవి చీర మీది చుక్కలు.

సద్దుల బతుకమ్మ సాయంత్రం వచ్చింది. మైదానం నిండిపోయింది. రేఖాదేవి బల్బులాంటి బొట్టు పెట్టుకునే వచ్చింది. మినతక్క కొత్త చీర కట్టుకుని, ఫోన్‌లో అమ్మను ముందే పిలిచి పెట్టుకుంది. ఆ చిన్న తెర మీద వాళ్లమ్మ, ఆమె భుజాల మీదుగా ఇంకో ముగ్గురు చుట్టుపక్కలవాళ్లు, అందరూ కళ్లు చిట్లించుకుని మా వైపే చూస్తున్నారు. నేను పోయి కరెంటు స్తంభం వెనక నిలబడ్డాను. స్తంభం నాకన్నా సన్నం, అది వేరే సంగతి.

యాదమ్మత్త "సూడుండ్రి!" అని చీరలు లాగేసింది.

ముందు చప్పట్లు మొదలయ్యాయి. వాటికవే మెల్లగా ఆగిపోయాయి. గోడ మీద నడుమ బతుకమ్మ. దాని వెనక చిన్నగా, మా ఊరి ఆడవాళ్లంతా పండ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నారు. పండ్లు లేని మా అవ్వ కూడా నవ్వుతోంది. ముందు మాత్రం, నిలువెత్తు మనుషులై, మైదానానికి వీపు పెట్టి, మినతక్క, రేఖాదేవి, కంచన్ భాభీ. జడలు, కొప్పులు, కొంగులు.

"నా బొట్టేదే?" అంది రేఖాదేవి.

"ముందల ఉంటది..." అన్నాను.

"ఏ ముందల? నల్లా కాడ నేను ఎనుక. రేషన్ షాపుల ఎనుక. గోడ మీదికి ఎక్కినా వీపేనా?"

యాదమ్మత్త నా దిక్కు తిరిగింది. "పొల్లా! నేను ముంగట పెట్టుమంటి గద!"

"ముంగటనే పెట్టిన అత్తా" అన్నాను. నిజమే కదా.

కంచన్ భాభీ ఒక్కతే కొంగు లోపల కిలకిలా నవ్వింది. "నాది కరెక్టుగనే వచ్చింది. ముసుగు ముందలైనా ఎనుకైనా ఒకటే." ఆ ముసుగులో నవ్వుతున్నట్టు తెలిసింది కూడా. ఆ ఘనత నాది కాదు, ఆమెదే.

మినతక్క ఫోన్ గోడ వైపు పెట్టి నిలబడింది. వాళ్లమ్మ గొంతు స్పీకర్‌లో మోగుతుంటే ఆమె ఒక్కో మాటా మాకు తెలుగులో చెబుతోంది, ఎవరూ అడగకపోయినా.

"'గా నవ్వుతున్నామె ఎవరు?' అంటాంది. యాదమ్మత్త అమ్మా... 'గా పండ్లు లేని ముసలామె?' మా ఓనర్ల అవ్వ... 'మరి నువ్వేడ ఉన్నవ్?' అంటాంది."

మినతక్క వేలు పైకెత్తి పసుపు క్లిప్పును చూపించింది. రెండో చేయి ముక్కు దగ్గరికి పోయి అక్కడే ఆగింది. వాళ్లమ్మ చాలాసేపు చూసింది. నేను ఆ స్తంభంలోకి కరిగిపోతే బాగుండనిపించింది.

"'నువ్వే. చిన్నప్పటి సంది గా కుడి భుజం గట్లనే వంచుతవు' అంటాంది" అంది మినతక్క. "'వీపు గిటున్నదంటె మొఖం గోడకు అవతలి దిక్కు ఉంటది. పో, తిప్పి చూపియ్యి' అంటాంది."

ఇప్పుడు చెప్పండి, ఆ తల్లికి ఏమని జవాబు చెప్పాలి? బిడ్డను సగం వేసి వదిలేస్తారని ఆమెకు తోచనే లేదు. ఇటు వీపు ఉంది కనుక అటు మొఖం ఉండి తీరుతుంది. మినతక్క నా వైపు ఒకసారి చూసింది. నేను, ఏం చెప్పమంటారు, తలూపాను.

ఆమె ఫోన్ పట్టుకుని గోడ చివర దాకా నడిచింది. ఆమె వెనక రేఖాదేవి, వెనక కంచన్ భాభీ, వెనక యాదమ్మత్త, వెనక కర్ర పట్టుకుని అవ్వ, ఆ వెనక మైదానం మొత్తం. బతుకమ్మను ఎత్తుకున్నట్టు ఆ ఫోన్‌ను ఎత్తుకుని, అందరూ ఊరేగింపుగా గోడ చుట్టూ తిరిగి రోడ్డు మీదికొచ్చారు.

గోడ అవతల కొన్ని పిడకలున్నాయి. "బోర్లు వేయబడును" అని వెలిసిపోయిన అక్షరాలున్నాయి. వాటి నడుమ ఎవరో ఒకాయన మాకు వీపు పెట్టి, గోడకు ముఖం పెట్టి, తన పని తాను చేసుకుంటున్నాడు. అక్కడ కూడా వీపే!

ఫోన్‌లో వాళ్లమ్మ ఏదో అడిగింది. మినతక్కకు నవ్వాగలేదు. "'గీయన ఎవరు? గీయన గూడ మీ బతుకమ్మలనేనా?' అంటాంది."

ఆయన వెనక్కి తిరిగి, సద్దుల బతుకమ్మకు ముస్తాబై తనవైపే చూస్తున్న ఆడవాళ్లందరినీ చూసి, చెప్పులు అక్కడే వదిలేసి పారిపోయాడు. ఆ నవ్వుల్లో నా తప్పు కొట్టుకుపోతుందని ఆశపడ్డాను. పోలేదు. నవ్వులు ఆగాక, అందరూ ఆ ఖాళీ గోడ వైపు, ఆ తర్వాత నా వైపు చూశారు. మినతక్క ఫోన్ ఇంకా కిందికి దించలేదు. అటువైపు వాళ్లమ్మ ఇంకా కళ్లు చిట్లించుకుని మొఖం కోసం వెతుకుతూనే ఉంది.

అప్పుడు నా గొంతులో చాప వేసుకుని కూర్చున్న మాట లేచి నిలబడింది.

"ఇంకా కాలే" అన్నాను. అంత గట్టిగా నేను మాట్లాడటం నేనే మొదటిసారి విన్నాను. "అటు దిక్కు అయింది. గీ దిక్కు ఎయ్యాలె. గీ దిక్కు అక్కోళ్ల మొఖాలు వస్తయి, మనోళ్ల వీపులు వస్తయి. గుండ్రం గద. ముందుగల్లనే అనుకున్న."

ముందుగా అనుకున్నది ఏమీ లేదని, ఆ మాట నోట్లోంచి బయటికి వస్తుండగానే నేను కూడా వింటున్నానని, అక్కడ ఎవరికీ తెలియదు. యాదమ్మత్త నోరు తెరిచి, "ఓ నీ పాడుగాను! గింత ఉపాయమా!" అని నన్ను దగ్గరికి లాక్కుంది. మినతక్క ఫోన్‌లో ఏదో చెప్పింది. మాకు అనువదించలేదు. వాళ్లమ్మ సరే అన్నట్టు ముక్కుపుడక లేని ముక్కును గోక్కుని నవ్వింది.

అబద్ధం ఆడటం తేలిక. దానికి రంగులు వేయడమే కష్టం. మర్నాటి నుంచి మినతక్క రోడ్డు పక్కన బకెట్ బోర్లించుకుని నా ఎదురుగా కూర్చుంది.

"నేల మీద నా మొఖం లేదు మౌనీ. పైకి సూడు" అంది.

చూశాను. ఆమె ఎడమ కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉంది. నవ్వేముందు పెదవి ఒక వైపు వంకర పోతుంది. ముక్కుపుడకలో రాయి ఒకటి ఊడిపోయింది, ఆ ఖాళీని కూడా వెయ్యమంది, అమ్మ గుర్తుపడుతుందని. ఇన్నేళ్లూ ఒకే దండెం మీద బట్టలు ఆరేసుకున్నాం కదా, ఇవన్నీ ఎక్కడ దాచిపెట్టిందా అనుకున్నాను. ఎక్కడా దాచలేదు. మొఖం మీదే పెట్టుకుని తిరిగింది.

ఈసారి ఖాజా చాచా మొఖాల రంగు పెద్ద డబ్బా చేతిలో పెట్టి, "అల్‌హమ్‌దులిల్లా" అన్నాడు.

గొడవంతా యాదమ్మత్తతో వచ్చింది. ఈ వైపు ముందు, పెద్దగా, వీపు పెట్టి నిలబడాల్సింది ఆమే కదా.

"పొల్లా, నా వీపు హుజూర్‌నగర్ రోడ్డు మీద పెట్టినవా? పొయ్యే బస్సులు, వచ్చే బస్సులు నా వీపు సూసుకుంట పోవాల్నా?"

"గుండ్రం, అత్తా" అన్నాను.

"గుండ్రమా, నా వీపా? నిజంగ గింత వెడల్పుంటదా?"

తలూపాను. ఆ ఒక్క ఊపుకు ఆమె నాతో చాన్నాళ్లు మాట్లాడలేదు. కాలనీ మొత్తం ఆమె మాట్లాడకపోవడం విని ఆశ్చర్యపోయింది.

దీపావళి ముందు బొమ్మ పూర్తయింది. చివరి చుక్క పెట్టి, కుంచె కడుక్కుని, నేను ఒక శపథం చేశాను. ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూడని మనిషి బొమ్మ ఈ జన్మలో వెయ్యను. నోటితో కనీసం ఒక్క మాటైనా అనకుండా ఈ తలను నిలువుకూ ఊపను, అడ్డానికీ ఊపను. మనిషి కనిపిస్తే తప్పుకోను. ఇది తంగేడు పువ్వు సాక్షి, గునుగు పువ్వు సాక్షి, గోడ రెండు దిక్కులూ సాక్షి.

శపథం చేసిన చేతి తడి ఇంకా ఆరలేదు, మినతక్క ఫోన్ పట్టుకుని వచ్చేసింది. తెర మీద వాళ్లమ్మ. ఈసారి వెనక ఇరుగుపొరుగువాళ్లు ఇంకా ఎక్కువ మంది ఉన్నారు. మినతక్క గోడ మీది తన మొఖం పక్కనే తన మొఖం పెట్టి నిలబడింది. వాళ్లమ్మ తెరకు మరీ దగ్గరగా వచ్చింది. ఒక కన్ను, ఖాళీగా ఉన్న ముక్కు, అంతే కనిపిస్తున్నాయి. ఆమె ఊడిపోయిన రాయి జాగాను వేలితో తాకబోయింది, వేలు తెరకు తగిలి ఆగింది. తర్వాత ఒక ప్రశ్న అడిగింది.

"'ఎవరు ఏసిండ్రు?' అంటాంది" అని, మినతక్క ఫోన్‌ను గభాల్న నా వైపు తిప్పింది.

శపథం, పువ్వులు, సాక్షులు, అన్నీ ఏమైపోయాయో తెలియదు. నా కాళ్లు వాటంతటవే మెలిక తిరిగాయి. మరుక్షణం నేను గోడకు మొఖం పెట్టి, ఆ చెప్పులు వదిలేసి పారిపోయినాయన నిలబడ్డ చోటే, ఆయన నిలబడ్డట్టే నిలబడి ఉన్నాను. నా వెనక ఫోన్‌లో వాళ్లమ్మ పగలబడి నవ్వడం, ఏదో అనడం వినిపించాయి. మినతక్క వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"'గా పిల్లను జర ఇటు తిరుగుమను, గీ ఊర్ల అందరి వీపులు చూసి చూసి యాష్టకొచ్చింది' అంటాంది మా అమ్మ. తిరుగు, మౌనీ."